గోల్డ్ కార్డు నిలబెట్టుకోవడానికి ఊరికే విమానం ఎక్కి దిగొచ్చేవాళ్లు: ఎందుకు?

గుత్తికోట (అనంతపురం)

అన్నలూ అక్కలూ, ఒక డౌటు. మా బావ బెంగళూరులో కన్సల్టింగ్ కంపెనీలో ఉన్నాడు. ఏడాదంతా క్లయింట్ల కోసం విమానాల్లోనే తిరుగుతాడు. తీరా ఏడాది ఆఖరుకొచ్చేసరికి గోల్డ్ స్టేటస్ నిలబెట్టుకోవడానికి కొన్ని పాయింట్లు తక్కువ పడ్డాయంట. అందుకని డిసెంబర్‌లో ఒక శనివారం సొంత డబ్బుతో బ్యాంకాక్ పోయి, ఎయిర్‌పోర్ట్ దాటకుండా తిరిగి ఆదివారం ఇంటికొస్తానంటున్నాడు. మా అక్క అగ్గి మీద గుగ్గిలం. పంచాయితీకి నన్ను కూర్చోబెట్టారు. నేను విమానం ఎక్కేదే అరుదు. ఆ కార్డులో అంత ఏముంది? తెలిసినోళ్లు చెప్పండి.

ఓర్వకల్లు_రాళ్లు (కర్నూలు)

ముందు ఒకటి విడదీసుకోవాలి తమ్ముడూ. మైళ్లు వేరు, స్టేటస్ వేరు. మైళ్లంటే విమానం ఎక్కినప్పుడల్లా సంస్థ మన ఖాతాలో వేసే పాయింట్లు. అవి ఖర్చు పెట్టుకునేవి, వాటితో టికెట్ కొనొచ్చు. స్టేటస్ పాయింట్లను ఖర్చు పెట్టలేం. ఏడాదిలో ఇన్ని వస్తే సిల్వర్, ఇన్ని వస్తే గోల్డ్ అని లెక్కేస్తారు, గడువు అయిపోగానే మళ్లీ సున్నా. మీ బావ బాధ ఆ రెండో దాని గురించి.

ఇక ఏమొస్తుందంటారా. ఎయిరిండియా 2014 జులైలో స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో చేరింది. ఆ కూటమిలో ఏ సంస్థ దగ్గర గోల్డ్ స్థాయి ఉన్నా, సింగపూర్, లుఫ్తాన్సా, థాయ్, యునైటెడ్ అన్నింటిలోనూ చెల్లుతుంది. చెకిన్‌కి వేరే లైను, ముందు బోర్డింగ్, లాంజ్‌లోకి (ఎయిర్‌పోర్ట్‌లో తిండి, కుర్చీలు ఉండే ప్రత్యేక గది) మనతో పాటు ఇంకొకరు, లగేజీ కిలోల లెక్కైతే 20 కిలోలు ఎక్కువ, బ్యాగుల లెక్కైతే ఒక బ్యాగు ఎక్కువ. బెల్టు మీద మన పెట్టెలు ముందు రావాలి. వస్తాయా అంటే, ట్యాగ్ మాత్రం కడతారు.

బురుజు_కాడ (కర్నూలు)

లాంజ్‌లో ఇడ్లీ, ఉప్మా తినడానికి బ్యాంకాక్ దాకా పోవాలా స్వామీ? నా క్రెడిట్ కార్డు గీకితే 2 రూపాయలు పట్టుకుని లోపలికి పంపిస్తారు.

ఓర్వకల్లు_రాళ్లు (కర్నూలు)

ఆ 2 రూపాయల లాంజ్ బయట లైను ఈ మధ్య చూసినట్టు లేరు మీరు. ప్లేటు పట్టుకుని కుర్చీ కోసం వెతుక్కోవాలి. పైగా బ్యాంకులు కూడా ఇప్పుడు మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లాంజ్ అని మెలిక పెడుతున్నాయి.

అయినా లాంజ్ కోసం స్టేటస్ వెంటపడేవాళ్లు కొత్తవాళ్లు. పాతకాపులు వెంటపడేది వేరే దానికోసం. ఒక జనవరిలో యూరప్‌లో ఒక పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో మంచు పడి రాత్రి విమానాలన్నీ రద్దు చేశారు. సంస్థ పేరు ఎందుకులెండి. ట్రాన్స్‌ఫర్ డెస్క్ ముందు లైను మూల తిరిగి టాయిలెట్ల దాకా పోయింది. కౌంటర్లో ఉన్నది ఇద్దరే. ఒకామె తన షిఫ్టు అయిపోయిందని బోర్డు తిప్పేసి వెళ్లిపోయింది. నా ముందు గుజరాతీ కుటుంబం, చంటిపిల్లకి పాలపొడి కలపడానికి వేడినీళ్లు దొరక్క అల్లాడుతున్నారు. గోల్డ్ వాళ్లకిచ్చే ఫోన్ నంబర్‌కి చేశాను. అవతలివాడు ఎత్తి, పేరు చూసి, తెల్లవారి వేరే ఊరి మీదుగా ఇంకో సంస్థ విమానంలో సీటు వేసేశాడు. హోటల్ వోచర్ కూడా ఫోన్‌లోకే వచ్చింది. ఆ లైన్లోంచి పక్కకి జరిగి నడిచి వచ్చేస్తుంటే సంతోషమా, సిగ్గా తెలియలేదు. ఆ కుటుంబం పొద్దునకి కూడా అక్కడే ఉంది.

దానికోసం వెంటపడతారు. అంతా సరిగ్గా నడిచే రోజున గోల్డ్‌కి, మామూలోడికి పెద్ద తేడా ఉండదు.

గండికోట_లోయ (కడప)

తిరుమలలో బ్రేక్ దర్శనం అనుకోండి, అయిపాయె. దేవుడు ఒకడే, సీటు అదే ఎకానమీ సీటు, లైను వేరు. శ్రీవాణికి 10,000 ఇచ్చి టికెట్ తీసుకున్నవాణ్ణి ఎవరూ పిచ్చోడనరు. మరి మీ బావనెందుకు అనాలి?

బురుజు_కాడ (కర్నూలు)

శ్రీవాణి డబ్బు గుడి కట్టడానికి పోతుంది. ఈయన డబ్బు విమానం పెట్రోలుకి పోతుంది. అంతే తేడా. 😀

ఎస్కేయూ_వేపచెట్టు (అనంతపురం)

నేను కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యాను, కాబట్టి నా కోణం కాస్త వేరు. "కొన్ని పాయింట్లే తక్కువ" అన్నారు చూశారా, అసలు సంగతి అక్కడ ఉంది.

క్లార్క్ హల్ అనే ఆయన 1930ల్లో ఎలుకల మీద ప్రయోగాలు చేసి, తిండి దగ్గర పడేకొద్దీ ఎలుక వేగం పెంచుతుందని చూపించాడు. 2006లో కివెట్జ్, ఉర్మిన్‌స్కీ, జెంగ్ అనే ముగ్గురు అదే విషయాన్ని కాఫీ కార్డుల మీద చూశారు. పది కాఫీలు తాగితే ఒకటి ఉచితం. కార్డు నిండేకొద్దీ జనం త్వరత్వరగా వచ్చి కాఫీ తాగారు. ఉచిత కాఫీ అయిపోయి కొత్త కార్డు మొదలవగానే మళ్లీ నెమ్మదించారు.

అదే ఏడాది నూనెస్, డ్రెజ్ అనేవాళ్లు ఒక కార్ వాష్ దగ్గర 300 మందికి కార్డులిచ్చారు. సగం మందికి ఎనిమిది గళ్ల ఖాళీ కార్డు. మిగతావాళ్లకి పది గళ్ల కార్డు, కానీ రెండు గళ్ల మీద ముందే ముద్ర వేసి ఇచ్చారు. ఎవరైనా కడిగించుకోవాల్సింది ఎనిమిది సార్లే. ఖాళీ కార్డు వాళ్లలో 19 శాతం మంది పూర్తి చేస్తే, ముద్రలున్న కార్డు వాళ్లలో 34 శాతం మంది పూర్తి చేశారు. యాప్‌లో మీ బావకి కనిపించే ఆ పచ్చ గీత, "ఇంకా ఇంతే మిగిలింది" అనే మెసేజ్, వీటి వెనక ఉన్నది ఈ లెక్కే. జనవరిలో ఇదే బ్యాంకాక్ టికెట్ ఊరికే కొనమంటే కొంటాడా? అడిగి చూడండి.

గుత్తికోట (అనంతపురం)

అడిగాను సార్. "జనవరిలో ఎందుకు కొంటాను, పిచ్చా" అన్నాడు. 😂

పెన్నా_ఇసుక (కడప)

ఆడిటింగ్ చేసేవాణ్ణి, కంపెనీ వైపు లెక్క చెబుతాను. అమెరికాలో 1978లో విమాన చార్జీల మీద ప్రభుత్వ కంట్రోల్ తీసేశారు. అందరూ రేట్లు తగ్గించుకుంటూ పోతుంటే, రేటు చూడకుండా మన దగ్గరికే వచ్చేవాణ్ణి ఎలా పట్టుకోవాలన్నది సమస్య అయింది. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ అనే మైళ్ల పథకం మొదలుపెట్టింది. తరచుగా ఎక్కేవాళ్లెవరో తెలుసుకోవడానికి వాళ్ల రిజర్వేషన్ కంప్యూటర్లలో సమాచారం ఉండనే ఉంది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా మొదలుపెట్టింది.

ఇప్పుడు ఆ పథకమే పెద్ద వ్యాపారం. మైళ్లను బ్యాంకులకు అమ్ముతారు, బ్యాంకులు కార్డుల మీద మనకిస్తాయి. కరోనా వచ్చి విమానాలు నేల మీద ఉన్నప్పుడు అప్పు కోసం తాకట్టు పెట్టడానికి వీళ్ల దగ్గర పనికొచ్చిన ఆస్తి ఏదో తెలుసా? మైళ్ల పథకం. 2020లో యునైటెడ్, డెల్టా, 2021లో అమెరికన్, ముగ్గురూ అదే పెట్టి వందల కోట్ల డాలర్లు తెచ్చుకున్నారు.

ఇంకొకటి. ఒకప్పుడు ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్లు. చవకైన టికెట్ వెతుక్కుని, చుట్టు తిరుగుడుగా నాలుగు విమానాలు మారి గోల్డ్ కొట్టేవాళ్లు. ఆ కాలం పోతోంది. డెల్టా 2023లో ఇకమీదట డాలర్ల ఖర్చు మాత్రమే లెక్క అంది. జనం గోల పెడితే వాళ్ల సీఈవో "మరీ ఎక్కువ చేశాం" అని ఒప్పుకుని కొంత వెనక్కి తగ్గారు, కానీ ఖర్చు లెక్క మాత్రం పోలేదు. ఎయిరిండియా కూడా 2024లో దూరం లెక్క తీసేసి రూపాయల లెక్కకి మారింది. కాబట్టి మీ బావ ముందు చూసుకోవాల్సింది, ఆ చవక బ్యాంకాక్ టికెట్‌కి అసలు ఎన్ని పాయింట్లు పడతాయని. చవక టికెట్‌కి చవక పాయింట్లే.

నంద్యాల_విత్తనం (నంద్యాల)

కర్నూలు గ్రూపులో నంద్యాలోణ్ణి అని గెంటేయకండి, జిల్లా వేరైనా మనసు ఇక్కడే.

నా బీరువాలో జెట్ ఎయిర్‌వేస్ ప్లాటినం కార్డు ఉంది. 2019 ఏప్రిల్ 17 రాత్రి ఆఖరి విమానం ఎగిరింది. మైళ్లు మాత్రం పోలేదు, ఎందుకంటే ఆ పథకం వేరే కంపెనీగా ఉండేది, అందులో అబుదాబి విమాన సంస్థ ఎతిహాద్‌కి సగానికి పైగా వాటా. ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని నడిచింది. మైళ్లతో మిక్సీ కొన్నాను. ప్లాటినం ఎక్కడ చూపించాలి? అంతకుముందు 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయినప్పుడూ కార్డుకి ఇదే గతి. మొన్న విస్తారా 2024 నవంబర్‌లో ఎయిరిండియాలో కలిసినప్పుడు ఖాతాలు అటు మార్చారు కాబట్టి సరిపోయింది.

స్టేటస్ అనేది వాళ్లు ఈ ఏడాదికి చూపించే మర్యాద. ఆస్తి అనుకోవద్దు.

పెనుకొండ_డ్రైవర్ (శ్రీ సత్యసాయి జిల్లా)

నేను టాక్సీ నడుపుతా. కియా వచ్చినప్పటి నుంచి ఎర్రమంచి నుంచి దేవనహళ్లికే నా బతుకు. కంపెనీ వాళ్లని తీసుకుపోయేటప్పుడు ఒక విషయం గమనించా. ముందు పోయే విమానం ఉంటుంది, చవక కూడా ఉంటుంది. అయినా అర్ధరాత్రి దాటాక పోయే విమానమే కావాలంటారు, అందులో కార్డు ఉంది కాబట్టి. టికెట్ డబ్బు కంపెనీది, కార్డు ఆయనది. నా వెయిటింగ్ చార్జీ కూడా కంపెనీదే, కాబట్టి నాకేం బాధ లేదు. 😀

ఒక సారు బండెక్కగానే కంపెనీ ట్రావెల్ డెస్క్‌కి ఫోన్ చేసి అరగంట పోట్లాడాడు. చిక్కబళ్లాపురం దాటేదాకా అదే గొడవ. వేరే విమానం బుక్ చేశారంట. ఫోన్ పెట్టేసి నాతో అన్నాడు, "ఇంట్లో ఉండనివ్వరు, పండక్కి పోనివ్వరు, కనీసం ఈ కార్డైనా మిగలనివ్వరా" అని. ఆయన అడిగింది న్యాయమే అనిపించింది నాకు.

గండికోట_లోయ (కడప)

డ్రైవరన్న చెప్పింది అసలు పాయింటు. ఒకరి డబ్బు, ఇంకొకరి లాభం. ఈ వ్యవహారం అంతా దాని మీదే నిలబడింది.

నీటిపారుదల_మామ (అనంతపురం)

ప్రభుత్వ ఉద్యోగంలో ఆ పప్పులు ఉడకవు. కేంద్ర ప్రభుత్వ రూలు ప్రకారం ఆఫీసు పని మీద పోయిన టికెట్ల మైళ్లు మళ్లీ ఆఫీసు ప్రయాణానికే వాడాలి. జర్మనీలో 2002లో ఇదే పెద్ద గొడవైంది. పార్లమెంటు సభ్యులు ప్రభుత్వ టికెట్ల మైళ్లతో సొంత ప్రయాణాలు చేశారని పత్రికలో వచ్చి, బెర్లిన్‌లో మంత్రిగా ఉన్న గ్రెగోర్ గీజీ పదవికి రాజీనామా చేశాడు. మన దగ్గర అయితే మైళ్ల కోసం రాజీనామా అంటే నవ్వుతారు.

అయితే రూలు మైళ్ల గురించే. లైన్లో ముందు నిలబడే హక్కుని ఆఫీసుకి ఎలా జమ చేస్తారు? అందుకే మా పైవాళ్లకి కూడా స్టేటస్ అంటే ప్రీతి.

ప్రొద్దుటూరు_పద్మ (కడప జిల్లా)

మీరంతా కన్సల్టెంట్ల గురించే మాట్లాడుతున్నారు. అవసరం నిజంగా ఎవరికుందో చెప్పనా? మా అమ్మానాన్నలకి. డాలస్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరికి పోతారు. మా తమ్ముడికి గోల్డ్ ఉంది. వాడు పక్కన ఉంటే అమ్మ లాంజ్‌లో కూర్చోవచ్చు. కానీ వాళ్లిద్దరే ప్రయాణం చేసేటప్పుడు ఆ కార్డు ఎందుకూ పనికిరాదు. ఇంగ్లీషు రాదు, మధ్యలో విమానం మారాలి, బ్యాగులో ఊరగాయ జాడీ కారుతుందేమోనని ఒక టెన్షన్, గేటు మారిందని అనౌన్స్ చేస్తే అర్థం కాదని ఇంకో టెన్షన్.

మనవాళ్లు దానికి కనిపెట్టిన ఉపాయమే వీల్‌చైర్. డబ్బు కట్టక్కర్లేదు, చెకిన్ నుంచి గేటు దాకా ఒక మనిషి తోడు వస్తాడు, ఇమిగ్రేషన్‌లో వేరే లైను, విమానం ముందు ఎక్కిస్తారు. గోల్డ్ వాళ్లకిచ్చేవి ఇంచుమించు ఇవే కదా?

నీటిపారుదల_మామ (అనంతపురం)

అమ్మా, నీ బాధ అర్థమైంది. కానీ మా ఇంటావిడకి మోకాళ్లు అరిగిపోయి నిజంగానే నడవలేదు. పోయినసారి గేటు దగ్గర వీల్‌చైర్ల వరసలో చాలాసేపు ఎదురుచూసింది. దిగే ఊళ్లో చూస్తే ఆ వరసలో సగం మంది లేచి చకచకా నడిచిపోయారు. కొడుకు కోసం బెల్టు మీంచి పెట్టెలు కూడా లాగుతున్నారు.

ప్రొద్దుటూరు_పద్మ (కడప జిల్లా)

మామా, తప్పని నాకూ తెలుసు. మాట రాని వాళ్లకి తోడుగా ఒక మనిషిని డబ్బు తీసుకునైనా పంపిస్తే ఎవరూ కుర్చీ అడగరు. డబ్బు కట్టి తోడుని పెట్టుకునే సేవ బెంగళూరు, హైదరాబాదుల్లో ఉంది, కానీ మధ్యలో విమానం మారే ఊళ్లో అడిగితే దాని రేటు చూసి నాన్న ఒప్పుకోడు. కుర్చీ ఊరికే వస్తుంది కదా అంటాడు.

రాయచోటి_అన్న (ప్రస్తుతం కువైట్)

నేను ఒక మాట అడగొచ్చా. నేను పెళ్లికి ముందు కువైట్ వచ్చినవాణ్ణి. ఇప్పుడు కొడుక్కి మీసాలు వచ్చాయి. రెండేళ్లకోసారి ఇంటికి పోతా. మా రాయచోటి, రాజంపేట, కడప వాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మాలో ఎవరికీ ఈ గోల్డ్, సిల్వర్ ఉందని నేను వినలేదు. ఇన్నేళ్లు ఎగిరినా ఎందుకు రాదు?

మాకు లాంజ్ వద్దు. కిలోలు కావాల. ఇంటికి పోయేముందు రూములో పది మందిమి చేరి కార్టన్ కడతాం. పాలపొడి డబ్బాలు, దుప్పటి, పిల్లలకి చాక్లెట్లు, అమ్మకి నొప్పుల బామ్. కొక్కెం త్రాసుకి తగిలించి ఇద్దరు ఎత్తి పట్టుకుంటే ఇంకొకడు సెల్‌ఫోన్ లైట్ వేసి ముల్లు చూస్తాడు. తర్వాత చుట్టూ టేపేసి, తాడు కట్టి, నాలుగు వైపులా మార్కర్‌తో పేరు, ఊరు, ఫోన్ నంబర్. అయినా కౌంటర్ దగ్గర రెండు కిలోలు ఎక్కువ తేలుతుంది. టేపు చింపి, అందరి ముందర నేల మీద కూర్చుని పాలపొడి తీసి పక్కనోడి సంచిలో వేయాల్సి వస్తుంది.

పెన్నా_ఇసుక (కడప)

అన్నా, సమాధానం చేదుగా ఉంటుంది. స్టేటస్ లెక్క ఏడాదికి. రెండేళ్లకోసారి పోయి వచ్చేవాళ్లు ఎన్నేళ్లు తిరిగినా ప్రతిసారీ సున్నా నుంచే మొదలు. ఇక మీకు ఏజెంటు ఇచ్చేది అన్నిటికన్నా తక్కువ తరగతి టికెట్. దానికి పాయింట్లు కూడా తక్కువే. కొన్నిటికి అసలు పడవు. మీలాంటి వాళ్లు ఎలాగూ రేటు చూసే ఎక్కుతారు, మర్యాద చేసినా చేయకపోయినా వస్తారు అని వాళ్ల లెక్క. ఎటు కావాలంటే అటు పోగలిగినవాణ్ణి మాత్రమే బుజ్జగిస్తారు.

ఆ మాటకొస్తే మన దేశంలో ఇండిగో 2024లో బ్లూచిప్ పెట్టేదాకా ఇలాంటి మెట్ల పద్ధతే లేకుండా నడిచింది. అయినా దేశంలో ఎగిరేవాళ్లలో సగం మందికి పైగా దాంట్లోనే ఎక్కారు. రేటు, టైము కుదిరితే చాలు అనుకునే ఊరు మనది.

కానీ మైళ్లు వదులుకోవద్దు. ఎమిరేట్స్ లాంటి వాటిలో సభ్యత్వం ఉచితం, మైళ్లు మూడేళ్లు నిలుస్తాయి, ఇంట్లో ఎనిమిది మంది దాకా ఒకే ఖాతాలో కలుపుకోవచ్చు. దుబాయ్ మీదుగా పోయినప్పుడు మీ నంబర్, మీ తమ్ముడి నంబర్, ఇంట్లోవాళ్లది, అన్నీ వేయించండి. ఏజెంటు తనంతట తాను వేయడు, మీరే అడగాలి.

ఓర్వకల్లు_రాళ్లు (కర్నూలు)

ఒక జాగ్రత్త అన్నా. మన పేర్లతో తంటా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో ఉంటుంది. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ. ఖాతాలో ఇనిషియల్ పెట్టి, టికెట్‌లో పూర్తి పేరు ఉంటే మైళ్లు పడవు. పాస్‌పోర్టులో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే ఖాతా తెరవండి. ప్రయాణం అయ్యాక కొన్ని నెలల లోపల మైళ్లు అడిగి వేయించుకోవచ్చు, దానికి బోర్డింగ్ పాస్ కావాలి. దాన్ని చించి పారేయొద్దు.

గుత్తికోట (అనంతపురం)

మా ఇంటి సంగతి: పెన్నా అన్న చెప్పినట్టు బావ లెక్క చూశాడు. తను అనుకున్న చవక టికెట్‌కి కావాల్సిన పాయింట్లలో సగమే పడతాయంట. మిగతా సగానికి ఇంకోసారి పోవాలి, లేదా ఖరీదు టికెట్ కొనాలి. ఆ మాట అక్క చెవిన పడనివ్వలేదు. ఇప్పుడు కొత్త ఆలోచన, డిసెంబర్‌లో కంపెనీ మీటింగ్ ఏదైనా సింగపూర్‌లో పెట్టించడానికి మేనేజర్ని పట్టుకున్నాడు.

పెనుకొండ_డ్రైవర్ (శ్రీ సత్యసాయి జిల్లా)

అనంతపురం నుంచి బయల్దేరేట్టయితే బండికి నాకు చెప్పమనన్నా.

రాయచోటి_అన్న (ప్రస్తుతం కువైట్)

పెన్నా అన్నా, ఓర్వకల్లు అన్నా, ఇప్పుడే ఖాతా తెరిచా. పాస్‌పోర్టులో నా ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంది. వీళ్లు అది లేకుండా ముందుకు పోనివ్వడం లేదు. పేరే రెండుసార్లు వేయాల్నా, ఏం చేయాల?

ఓర్వకల్లు_రాళ్లు (కర్నూలు)

తొందరపడి ఏదీ వేయొద్దు అన్నా. మీ పాత టికెట్‌లో ఆ గడిలో ఏం వేశారో చూడండి. పేరంతా ఒకే గడిలో ఉన్న పాస్‌పోర్టులకు ఒక్కో సంస్థ ఒక్కో పద్ధతి వాడుతుంది. టికెట్, ఖాతా ఒకేలా ఉంటే చాలు. అర్థం కాకపోతే టికెట్ ఫోటో తీసి నాకు మెసేజ్ పెట్టండి, పాస్‌పోర్టు నంబర్ మీద వేలు అడ్డం పెట్టి తీయండి.